ఇన్వర్టర్ మంచిదే, పేచీ అంతా ట్రాలీతోనే

మాది 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీలో ఎంత నిల్వ ఉంటుందో చెప్పే లెక్క) టాల్ ట్యూబులర్, అంటే యాసిడ్ ఉండే పొడుగాటి రకం బ్యాటరీ ఉన్న ఇన్వర్టర్, 2021లో కొన్నాం. చెన్నై మడిపాక్కంలో కింది వాటాలో ఉంటాం. స్పెసిఫికేషన్లు అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నా.

కరెంటు పోయిన సంగతి వీధి చీకటి పడితే తప్ప మాకు తెలిసేది కాదు. రెండు ఫ్యాన్లు, మూడు లైట్లు, వైఫై నడిచినా ఆరేడు గంటలు ధీమాగా వచ్చేది. ఫ్యాను ఆగితే అత్తయ్యగారికి నిద్రపట్టదు. ఆవిడ విసనకర్ర పక్కన పెట్టేశారంటేనే చూడండి.

నా కోపమల్లా బ్యాటరీని మోసే ప్లాస్టిక్ ట్రాలీ మీద. బిగించడానికి వచ్చిన అబ్బాయి "చక్రాలున్నాయి మేడమ్, ఎటు కావాలంటే అటు జరుపుకోవచ్చు" అన్నాడు. బ్యాటరీ యాభై కిలోల పైమాటే. ఆ చక్రాలు టైల్స్ సందు కూడా దాటవు. దాని వెనక ఊడవాలంటే ఇద్దరు మనుషులు కావాలి. పోనీ అది రోజూ ఉండేదే.

2023 డిసెంబర్ 4న మిచాంగ్ తుఫాను వానకి నీళ్ళు గడప దాటి వచ్చేశాయి. కరెంటు అప్పటికే తీసేశారు. ట్రాలీ మీద బ్యాటరీ అడుగు నేలకి బెత్తెడు ఎత్తులో ఉంటుందంతే. మావారు మెయిన్ దించి, ఇన్వర్టర్ ఆపి, ముందు నల్ల వైరు, తర్వాత ఎర్రది విప్పారు. ఆయన, మా మరిది, మేడ మీదుండే తమిళాయన కలిసి బ్యాటరీని డైనింగ్ టేబుల్ మీదకి ఎత్తారు. ఎత్తేటప్పుడు కాస్త ఒరిగి మూత దగ్గర యాసిడ్ కారింది. మా మరిది లుంగీ ఉతికితే చిల్లులు పడింది, చేతులకి తగలలేదు, అదే పదివేలు. అన్నాళ్ళూ కదలనని మొరాయించిన ట్రాలీ మాత్రం నీళ్ళ మీద తేలుతూ హాల్లోకి హాయిగా వచ్చేసింది!

గోడ ప్లగ్గులు తడుస్తాయని ఇంటి వైరింగ్‌కి కలపలేదు. ఇన్వర్టర్ వెనకున్న సాకెట్‌కి ఎక్స్‌టెన్షన్ బాక్స్ పెట్టి ఒక ఎల్ఈడీ బల్బు, ఫోన్ చార్జర్లు, పడుకునేటప్పుడు దోమలకి టేబుల్ ఫ్యాను వేసుకున్నాం. ఆ కాస్త లోడుకి మర్నాడు సాయంత్రం దాకా లాగింది. నేను అస్సలు అనుకోలేదు. భోజనాలు మాత్రం మంచాల మీదే. ఫోన్లకి చార్జింగ్ ఉంది గానీ సిగ్నల్ లేదు. ఆ మర్నాడే, 5న, తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది, మా అమ్మావాళ్ళు ఉండేది అక్కడే. ఆ టెన్షన్‌కి ఏ బ్యాటరీ పనికొస్తుంది?

ఆ తర్వాత మాత్రం అది మునుపటిలా లేదు. అడుగంటా వాడేసినందుకో, వయసు మీద పడిందో, పైన చెప్పిన ఆరేడు గంటలు ఇప్పుడు నాలుగుకి దిగాయి. ఇంట్లో పెద్దవాళ్ళుండి, మేడ మీద కాపురమైతే ఇప్పటికీ ఈ రకమే తీసుకోమంటాను. కింది వాటా అయితే ట్రాలీ డబ్బులతో ముందు ఇనుప స్టాండు చేయించుకోండి. మేం ఆ తర్వాత నడుమెత్తున చేయించుకున్నాం. గోడకి తగిలించే లిథియం రకం తేలిక, కానీ ధర ఎక్కువ. పైగా క్యాలెండరు మేకు కొట్టినా ఊరుకోని ఓనరు మాకున్నారు.