చూపు లేనివారికి బ్యాంకు పని: కంప్యూటర్లో వెబ్‌సైటా, ఫోన్లో యాపా? ఏది మేలు?

రోజువారీ చెల్లింపులకు ఫోన్. లెక్క సరిచూసుకోవడానికీ, పెద్ద మొత్తాలు పంపడానికీ కంప్యూటర్. హైదరాబాద్‌లో చూపు లేనివారు ఎవరడిగినా మేం చెప్పేది ఇదే. కొలత ఒక్కటే: ఆఖరి బటన్ నొక్కే ముందు పేరు, మొత్తం, ఖాతా నంబరు మన చెవితో మనమే విని సరిచూసుకోగలగాలి. ఓటీపీ పక్కవారితో చదివించుకునే అవసరం రాకూడదు.

లాగిన్ దగ్గర మాత్రం యాప్‌దే పైచేయి. ఒకసారి నమోదైతే వేలిముద్ర చాలు. వెబ్‌సైట్లో క్యాప్చా, అంటే వచ్చింది మనిషేనా అని చూసే పరీక్ష, అడ్డం పడుతుంది. బొమ్మలోని వంకర అక్షరాలను స్క్రీన్ రీడర్ (తెరమీది రాతను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) చదవలేదు. ఆడియో క్యాప్చా ఉన్నచోటా ఓ చిక్కుంది. బటన్ నొక్కగానే కంప్యూటర్లోని స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏ కూడా మాట్లాడటంతో అంకెలు ఆ గోలలో కలిసిపోతాయి. వెంటనే కంట్రోల్ కీ నొక్కితే ఎన్‌వీడీఏ ఆగుతుంది. అంకెలన్నీ విన్నాకే టైపు చేయండి. వింటూ కొడితే కీల పలుకు మళ్లీ అడ్డొస్తుంది. ఎన్‌వీడీఏ కీ (మామూలుగా ఇన్సర్ట్), 2 కలిపి నొక్కి ఆ పలుకును ఆపుకోవచ్చు. తెరమీది కీబోర్డును మౌస్‌తోనే నొక్కమనే పేజీలూ ఉన్నాయి. ఎస్కేప్ కొట్టి, ఎక్స్ నొక్కుతూ చెక్‌బాక్సులు వెతికితే దాన్ని ఆపే టిక్ దొరకొచ్చు. దొరక్కపోతే ఆ సైట్ మనకు పనికిరాదు.

అందుకే ఖాతా తెరవడానికి కోఠి బ్యాంక్ స్ట్రీట్‌కు వెళ్లే ముందే ఆ బ్యాంకు లాగిన్ పేజీ తెరిచి చూడండి. దానికి ఖాతా అక్కర్లేదు. 'ఇ' నొక్కితే గడి పేరు చెబుతోందా, ఉత్త 'ఎడిట్' అంటోందా? ఆడియో క్యాప్చా ఉందా? పది నిమిషాల్లో తేలిపోతుంది. సైట్ చిరునామా కూడా వినండి: ఆల్ట్, డి నొక్కితే చదువుతుంది. 2025 అక్టోబరు 31లోగా డాట్ బ్యాంక్ డాట్ ఇన్ (.bank.in) అని ముగిసే చిరునామాకు మారాలని ఆర్బీఐ బ్యాంకులను ఆదేశించింది. సైట్ పేరు అలా ముగియకపోతే పాస్‌వర్డ్ కొట్టకుండా ఆగండి.

లోపలికి వెళ్లాక కంప్యూటర్ బలం తెలుస్తుంది. మనం డబ్బు పంపాల్సిన కొత్త ఖాతాదారును చేర్చేటప్పుడు చాలా సైట్లలో ఖాతా నంబరు మొదటి గడిలో చుక్కలుగా పడుతుంది, ఎన్‌వీడీఏ 'స్టార్' అంటుంది. రెండో గడిలో అంకెలు కనిపిస్తే బాణం కీతో ఒక్కొక్కటే వినొచ్చు. బ్యాంకు శాఖను గుర్తించే కోడ్ ఐఎఫ్‌ఎస్‌సీలో 11 అక్షరాలుంటాయి, అయిదోది ఎప్పుడూ సున్నాయే. ఫోన్లో చెప్పేవాళ్లు దాన్ని 'ఓ' అంటారు, మనం ఓ అక్షరం కొడతాం, పని చెడుతుంది. పేజీకి గడువు ఉంటుంది కాబట్టి వివరాలన్నీ ముందే నోట్‌ప్యాడ్‌లో రాసి, విని పెట్టుకోండి. తప్పు పడితే కొన్ని సైట్లు ఎర్ర అక్షరాలు చూపి ఊరుకుంటాయి, ఎన్‌వీడీఏ ఏమీ అనదు. కంట్రోల్, ఎన్‌వీడీఏ, ఎఫ్ కలిపి నొక్కి 'ఇన్‌వ్యాలిడ్' అని వెతకండి. ఒక బ్యాంకు నుంచి మరో బ్యాంకుకు డబ్బు పంపే పద్ధతులైన నెఫ్ట్, ఆర్టీజీఎస్‌లలో డబ్బు పంపకముందే అవతలి ఖాతాదారు పేరు చూపే సదుపాయాన్ని 2025 ఏప్రిల్ 1 నాటికి ఇవ్వాలని ఆర్బీఐ చెప్పింది. ఆ పేరు వినకుండా ముందుకెళ్లొద్దు.

స్టేట్‌మెంట్ విషయంలో యాప్ కంప్యూటర్‌కు సాటి రాదు. ఖర్చు ఎరుపులో, జమ ఆకుపచ్చలో చూపి, గుర్తేమీ పెట్టని యాప్‌లో టాక్‌బ్యాక్ (ఆండ్రాయిడ్ ఫోన్లోని స్క్రీన్ రీడర్) '2,000' అని మాత్రమే అంటుంది. ఆ డబ్బు వచ్చిందో పోయిందో తెలియదు. సరిగా ట్యాగ్ చేయని, అంటే ఏది వరుసో ఏది గడో స్క్రీన్ రీడర్‌కు తెలిపే గుర్తులు లేని, పీడీఎఫ్‌లోనూ ఇదే గతి, నిలువు వరుసలు కలిసిపోతాయి. ఎక్సెల్ లేదా సీఎస్‌వీ పట్టిక ఫైలు దించుకుంటే గడిగడికీ వెళ్లి వినొచ్చు. తేదీలు ఎంచుకునే క్యాలెండర్ కీబోర్డుకు లొంగకపోతే దానితో కుస్తీ వద్దు. నెలవారీగానో ఆర్థిక సంవత్సరంవారీగానో అడిగే ఎంపిక ఉంటే అది తీసుకోండి.

ఇక ఫోన్. కిరాణా కొట్లో యూపీఐకి మించింది లేదు. క్యూఆర్ మీదికి కెమెరా గురి కుదరకపోతే కొట్టతని మొబైల్ నంబరు అడగండి. పేరు వస్తుంది, అది విన్నాకే పిన్. క్యూఆర్‌కు చెల్లిస్తే డబ్బు చేరిందని కొట్టులోని సౌండ్‌బాక్స్ పైకి చెప్పేస్తుంది, మనకు అదే రసీదు. పిన్ కొట్టేటప్పుడు టాక్‌బ్యాక్ అంకెలు పలకొచ్చు కాబట్టి మెట్రోలో, సిటీ బస్సులో ఇయర్‌ఫోన్ తప్పనిసరి. యాప్‌తో ఉన్న పెద్ద ఇబ్బంది అప్‌డేట్లు: నిన్న పేరు చెప్పిన బటన్ ఇవాళ 'అన్‌లేబుల్డ్' అంటుంది. టాక్‌బ్యాక్ వంటి వాటికి కావలసిన యాక్సెసిబిలిటీ అనుమతినే మోసపు యాప్‌లూ వాడుకుంటాయి గనుక, అది ఆన్‌లో ఉంటే తెరుచుకోని బ్యాంకు యాప్‌లూ ఉన్నాయి. దొంగల కోసం వేసిన తాళం మన మొహాన పడటం అన్యాయం.

బటన్ల ఫోన్ వాడే పెద్దవారికి 2022 మార్చిలో వచ్చిన యూపీఐ 123పే నయం. కాల్ చేసి, మాట వింటూ అంకెలు నొక్కడమే. ఇంటర్నెట్ లేకుండా బ్యాంకు పనికి డయల్ చేసే *99# మెనూ తెరమీది రాత కాబట్టి మాట్లాడని ఫోన్లో అక్కరకు రాదు.

ఖర్చు భయం వద్దు. ఎన్‌వీడీఏ ఉచితం, మరో స్క్రీన్ రీడర్ జాస్‌ను కొనాల్సిందే; బ్యాంకు పనికి ఎన్‌వీడీఏ సరిపోతుంది. నేర్పేవారు కావాలంటే బంజారాహిల్స్‌లోని ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పునరావాస విభాగంలో అడగండి.

శాఖలో ఎవరైనా 'మీకు నెట్ బ్యాంకింగ్ ఇవ్వం' అంటే ఆర్బీఐ నిబంధన గుర్తుచేయండి. చెక్‌బుక్, ఏటీఎంతో పాటు నెట్ బ్యాంకింగ్ కూడా వివక్ష లేకుండా ఇవ్వాలని 2008 జూన్ 4 నాటి సర్క్యులర్‌లోనే అది చెప్పింది. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు చెప్పింది. కేవైసీలో (ఖాతాదారు గుర్తింపు పరిశీలనలో) కళ్లార్పమనే పరీక్షకు ప్రత్యామ్నాయాలు ఉండాలంది. సైట్ పనిచేయకపోతే 'అర్థం కావట్లేదు' అని రాయకండి. ఏ పేజీ, ఏ బ్రౌజర్, ఏ ఎన్‌వీడీఏ వెర్షన్, ఏ కీ నొక్కితే ఏం వినిపించింది, ఏం వినిపించాల్సింది, ఇవన్నీ రాసి బ్యాంకుకు ఈమెయిల్ చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే అదే కాగితం బ్యాంకులపై ఫిర్యాదులు వినే ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కు పెట్టండి.