జాగ్రత్త: ఎస్పీ రోడ్డు చుట్టుపక్కల దొరికే ‘బ్రేజింగ్ కిట్’ కొనేముందు ఇది చదవండి

బెంగళూరులో ప్లంబింగ్, సోలార్ హీటర్, ఏసీ పైపుల పని చేసుకునే మనవాళ్లందరికీ ఈ హెచ్చరిక. బ్రేజింగ్ అంటే లోహపు కడ్డీని కరిగించి పైపుల జాయింట్లు అతకడం.

ఒక ప్లాస్టిక్ పెట్టె. అందులో గ్యాస్ టార్చ్, ఎర్ర నాబ్ ఉన్న రెగ్యులేటర్, నారింజ రంగు రబ్బరు ట్యూబు, ‘15% సిల్వర్’ అని స్టిక్కరు అంటించిన పది కడ్డీలు, రెండు టెఫ్లాన్ టేపులు, ఒక సీలెంట్ సీసా. విడివిడిగా కొంటే అయ్యే ఖర్చులో సగానికే ఇస్తారు. పెట్టె మీద తయారుచేసినవాళ్ల పేరుండదు. బిల్లు అడిగితే ‘బిల్ బేడ సార్, రేట్ జాస్తి ఆగుత్తె’ (బిల్లు వద్దు సార్, రేటు ఎక్కువవుతుంది) అంటారు. వాడి చూశాక తేలింది ఏమిటంటే, ఇందులో టార్చ్ ఒక్కటే పనికొస్తుంది. కడ్డీలు డబ్బు దండగ. రెగ్యులేటర్ మాత్రం ప్రాణాల మీదికి తెస్తుంది. అందుకే ముందు దాని సంగతి.

వంటింటి సిలిండర్ మీద ఉండే రెగ్యులేటర్ గ్యాస్‌ను 30 మిల్లీబార్‌కు, అంటే 0.03 బార్‌కు దించుతుంది (బార్ అంటే ప్రెషర్ కొలత). సిలిండర్ లోపల మాత్రం ఎండను బట్టి, గ్యాస్ మిశ్రమాన్ని బట్టి 5 నుంచి 8 బార్ దాకా ఉంటుంది. బ్రేజింగ్ టార్చ్‌కు సాధారణంగా 1 నుంచి 2 బార్ కావాలి కాబట్టి నాబ్ తిప్పి పెంచుకునే హై ప్రెషర్ రెగ్యులేటర్ పెడతాం. ఈ కిట్‌లోది చూడ్డానికి అలాగే ఉంటుంది గానీ దానికి గేజ్ (ప్రెషర్ చూపే మీటరు) లేదు, ఎంత ప్రెషర్ దాకా ఇస్తుందో ఎక్కడా రాసి లేదు. పైగా దాని మీద ‘ఐఎస్ 9798’ అని అచ్చుకొట్టి ఉంది. అది వంటకు వాడే తక్కువ ప్రెషర్ రెగ్యులేటర్ల ప్రమాణం. నాబ్ తిప్పి ప్రెషర్ పెంచే రెగ్యులేటర్ మీద ఆ నంబరు కనిపిస్తే ఆ అచ్చే అబద్ధమని అర్థం. ఐఎస్ఐ గుర్తు కింద సీఎం/ఎల్ అని లైసెన్సు నంబరు ఉండాలి. దుకాణంలో నిలబడే ఫోన్‌లో, ఐఎస్ఐ గుర్తు ఇచ్చే బీఐఎస్ సంస్థ వాళ్ల ‘బీఐఎస్ కేర్’ యాప్ తెరిచి ఆ నంబరు కొట్టండి. ఏ కంపెనీకి, ఏ వస్తువుకు ఇచ్చారో వస్తుంది. నంబరే లేకపోయినా, కొడితే వేరే వస్తువు పేరు వచ్చినా కిట్ అక్కడే పెట్టేసి వచ్చేయండి.

అసలు లోపం లోపలి సీటులో, అంటే గ్యాస్ దారిని మూసే భాగంలో ఉంది. టార్చ్ వాల్వ్ మూసేశాక రెగ్యులేటర్ గ్యాస్‌ను ఆపేయాలి. సీటు సరిగ్గా కూర్చోకపోతే సన్నగా దూరుతూనే ఉంటుంది. ట్యూబులో ప్రెషర్ మెల్లగా పెరిగి పెరిగి సిలిండర్ ప్రెషర్ దగ్గరికి వస్తుంది. మీరు టీ తాగి వచ్చి టార్చ్ వెలిగించేసరికి మంట బారెడు లేస్తుంది, లేదా అంతకుముందే క్లిప్ దగ్గర ట్యూబు ఊడిపోతుంది. కొత్త రెగ్యులేటర్ ఎంత మంచి దుకాణంలో కొన్నా సరే, ముందు ఈ పరీక్ష చేయండి. గాలి ఆడే ఆరుబయట సిలిండర్‌ను నిలువుగా పెట్టండి. దగ్గర్లో మంట, సిగరెట్టు ఉండకూడదు. రెగ్యులేటర్ తర్వాత ‘T’ ఆకారపు ఫిట్టింగు ఒకటి బిగించి 0–10 బార్ గేజ్ పెట్టండి. ప్రెషర్ 1 బార్‌కు సెట్ చేసి, టార్చ్ వెలిగించి నిమిషం కాల్చి ఆపండి. ముల్లు కొంచెం పైకి జరిగి ఆగిపోతే మంచిదే. 5 నిమిషాల తర్వాత కూడా ఇంకా ఎక్కుతూనే ఉంటే సీటు పోయినట్టే, దానికి రిపేరు లేదు. తర్వాత సిలిండర్ వాల్వ్ కట్టేసి ఇంకో 5 నిమిషాలు చూడండి. ముల్లు దిగితే ఏదో జాయింట్ లీకవుతోంది, సబ్బు నురగతో వెతకండి. అగ్గిపుల్లతో వెతికే అలవాటు ఉన్నవాళ్లు ఈ రోజుతో మానేయండి.

నారింజ ట్యూబు సంగతి కూడా ఇంతే. అది స్టౌ కోసం చేసింది, రెగ్యులేటర్ తర్వాత 0.03 బార్‌కు. దానిలోకి 2 బార్ పంపితే అరవై రెట్లకు పైగా ఎక్కువ. హై ప్రెషర్ అని, ఎన్ని బార్లకో ముద్ర ఉన్న ఎల్‌పీజీ హోస్ విడిగా కొనండి. రెండు చివర్లా క్రింప్ చేసిన (మిషన్‌తో నొక్కి బిగించిన) ఫిట్టింగులు ఉన్నది తీసుకోండి, స్క్రూ క్లిప్పులది వద్దు. ఫ్యుయల్ గ్యాస్ (మండే గ్యాస్) ఫిట్టింగుల మరలు ఎడమ చేతి వైపువి, అంటే మామూలు వాటికి వ్యతిరేకంగా తిప్పితేనే బిగుస్తాయి. అందుకే నట్టు అంచున చిన్న గాటు పెడతారు. అది చూడకుండా బలంగా తిప్పి మరలు చెడగొట్టి, ఆనక టేపు చుట్టి సరిపెట్టకండి. ఇళ్లకిచ్చే 14.2 కిలోల సిలిండర్‌ను పనికి వాడటం నేరం, పెట్రోల్ బంకుల్లో దొరికే 5 కిలోలది చాలు. ఎల్‌పీజీ గాలికంటే బరువు. బేస్‌మెంట్‌లో, సంపు పక్కన, పైపుల డక్ట్‌లో లీకైతే కిందే పేరుకుంటుంది, బయటికి పోదు.

ఏసీ పని చేసే తమ్ముళ్లకు ఒక మాట. ‘నైట్రోజన్‌కీ ఆక్సిజన్‌కీ ఒకటే రెగ్యులేటర్’ అంటూ అడాప్టర్ కలిపి ఇస్తున్నారు. నైట్రోజన్ వైపు వాడినప్పుడు కంప్రెసర్ ఆయిల్ ఆవిరి రెగ్యులేటర్‌లోకి చేరొచ్చు. అదే రెగ్యులేటర్ ఆక్సిజన్‌కు పెట్టి వాల్వ్ తెరిస్తే ఆ నూనె భగ్గుమంటుంది. నైట్రోజన్ అయిపోయిందని ఆక్సిజన్‌తో లీక్ టెస్ట్ చేయడం అయితే బాంబు కట్టుకున్నట్టే. నల్ల సిలిండర్ ఆక్సిజన్, బూడిద రంగుకు నల్ల మెడ ఉంటే నైట్రోజన్. రంగు వెలిసిపోయి అనుమానంగా ఉంటే బిగించకండి.

ఇప్పుడు కడ్డీలు. 2 మిల్లీమీటర్ల మందం, 500 మిల్లీమీటర్ల పొడవు ఉన్న రాగి–ఫాస్ఫరస్–వెండి కడ్డీ సుమారు 13 గ్రాములు తూగుతుంది. 15 శాతం వెండి అంటే అందులో రెండు గ్రాములు వెండి ఉండాలి. లెక్క సులువు కోసం గ్రాము వెండి 100 రూపాయలనుకుంటే, ఒక్క కడ్డీలో వెండి ఖరీదే 200. మీరు కొనే రోజు రేటు వేసి చూడండి. లోపలి వెండి విలువకంటే కడ్డీ ధరే తక్కువైతే ఇక వేరే రుజువు అక్కర్లేదు. అయినా అనుమానం ఉంటే ఎస్పీ రోడ్డు నుంచి నగర్తపేట నడిచివెళ్లే దూరమే. నగల పరీక్ష చేసే మిషన్ల దగ్గర ఒక ముక్క పెట్టిస్తే వెండి, రాగి ఎంతెంతో అంచనాగా చెప్పేస్తారు. ఆ ముక్కలో క్యాడ్మియం అనే విషలోహం ఉందేమో కూడా అడగండి. చవక వెండి కడ్డీల్లో అది కలిపితే పొగ ఊపిరితిత్తులను కాల్చేస్తుంది.

చేత్తో కూడా కొంత తెలుస్తుంది. నిజమైన 15 శాతం కడ్డీ చల్లగా ఉన్నప్పుడు బాగానే వంగుతుంది. వెండి లేని 7 శాతం ఫాస్ఫరస్ కడ్డీని గట్టిగా మడిస్తే పుటుక్కుమనే అవకాశం ఎక్కువ. రాగి ముక్క మీద కరిగించి చూడండి. 15 శాతంది 645 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలై 800 దాకా చిక్కగా, పాకంలా ఉంటుంది, కొంచెం వదులు జాయింట్‌ను కూడా నింపుతుంది. వెండి లేనిది 710 దాటాక నీళ్లలా పరుగెడుతుంది, అందుకే సందు బిగువుగా, 0.1 మిల్లీమీటరు లోపు ఉండాలి.

నిజం చెప్పాలంటే, ఇంట్లో నీళ్ల పైపుకు రాగి–రాగి జాయింట్ అయితే వెండి లేని కడ్డీయే చాలు, ఫ్లక్స్ (అతికే ముందు లోహాన్ని శుభ్రం చేసే పూత మందు) కూడా అక్కర్లేదు. అందులోని ఫాస్ఫరసే ఆ పని చేస్తుంది. పంపు, కంప్రెసర్ పక్కన అదిరే చోట 15 శాతం పెట్టండి. రాగి–ఇత్తడికి ఫ్లక్స్ తప్పనిసరి. రాగి–ఇనుము, రాగి–స్టెయిన్‌లెస్ స్టీల్ జాయింట్‌కు మాత్రం ఫాస్ఫరస్ ఉన్న ఏ కడ్డీనీ వాడకండి. సోలార్ ట్యాంకు నిపుల్ దగ్గర జరిగే తప్పు ఇదే. ఇనుము, ఫాస్ఫరస్ కలిసి గాజులా పెళుసైన పొర కడతాయి. ఆ రోజు టెస్ట్‌లో లీకుండదు. ట్యాంకు రోజూ వేడెక్కి చల్లారుతుంటే కొన్నాళ్లకు ఆ పొర వెంట గీత పడుతుంది. అక్కడ 45 శాతం వెండి ఉన్న, క్యాడ్మియం లేని కడ్డీ, దానికి తగ్గ ఫ్లక్స్ కావాలి.

టేపు విషయం చిన్నదే. లాగితే సాలెగూడులా తెగిపోతే పారేయండి. 1/2 అంగుళం జీఐ (ఇనుప పైపు) మరకు మంచి టేపు 6–8 చుట్లు చాలు, మొదటి మర వదిలేసి బిగించే దిశలోనే చుట్టాలి. ఫ్లేర్ నట్టుకు (రాగి పైపు మూతిని విప్పార్చి బిగించేది), యూనియన్ (మళ్లీ విప్పుకునేలా రెండు పైపుల్ని కలిపే జాయింటు) ముఖానికి టేపు వద్దు, అక్కడ లోహమే లోహాన్ని మూస్తుంది. సీసాలోని సీలెంట్ ‘ఎనరోబిక్’ అని రాసి ఉంటే అది గాలి తగలని చోట లోహం మధ్యే గట్టిపడుతుంది. సీపీవీసీ (ప్లాస్టిక్ పైపు) మరకు పూస్తే ప్లాస్టిక్ పగులుతుంది, అక్కడ టేపే. సీసా మూతి దాకా నిండుగా ఉంటే అనుమానించండి. ఈ రకం సీలెంట్ ద్రవంగా ఉండటానికి లోపల గాలి కావాలి, అందుకే అసలు కంపెనీలు సీసా నిండా పోయవు. కిట్‌లోది అంచుదాకా ఉంది, మరకు పూస్తే 24 గంటల తర్వాత కూడా నూనెలా జారుతోంది.

ఇప్పటికే కిట్ కొన్నవాళ్లు, కడ్డీల్లో క్యాడ్మియం లేదని తేలితే, వాటిని రాగి–రాగి పనికే వాడుకోండి. రెగ్యులేటర్‌ను పాత ఇనుముకు అలాగే వేయకండి, ఆదివారం సంతలో మళ్లీ అమ్మకానికి వస్తుంది. నాబ్ విప్పి, స్ప్రింగు తీసి, సిలిండర్‌కు తగిలే మూతిని సుత్తితో నలగ్గొట్టాకే పడేయండి.