ఫ్యామిలీసెర్చ్: పేర్లు లేని జాబితాలతో ఒక ఏడాది

న్యూజెర్సీలో 23 ఏళ్లు జైలు అధికారిగా పనిచేశాను. ఆ ఉద్యోగంలో అన్నిటికన్నా పెద్ద పని లెక్క. రోజుకు ఎన్నోసార్లు తలలు లెక్కపెట్టాలి. అంకె సరిపోకపోతే ఎక్కడివాళ్లు అక్కడే ఆగిపోవాలి. రిటైరయ్యాక నా భార్య పుట్టింటివారి చరిత్రను పుస్తకంగా రాయడానికి కూర్చున్నాను. మాది గుంటూరు. మా నాన్న అయిదు తరాల పేర్లు తడుముకోకుండా చెప్పేవారు. నా భార్య నల్లజాతి అమెరికన్. వాళ్లది జార్జియాలోని సవానా. అక్కడ ఎవరిని అడిగినా మూడో తరం దగ్గరే మాట ఆగిపోతుంది. మనవళ్లేమో రెండు వైపుల కథా కావాలంటారు.

మొదట ఒక కంపెనీకి డబ్బు కట్టి డీఎన్‌ఏ పరీక్షకు ఉమ్మి పంపించాం. ఏ దేశపు రక్తం ఎంత శాతమో వచ్చింది. కొన్నాళ్లకు ఆ శాతాలే మారిపోయాయి. ఆ తర్వాతే పాత రికార్డుల్లో పూర్వీకులను వెతుక్కునే ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైటు జోలికి వెళ్లాను. ఖాతా తెరవాలి, అంతే. ఒక్క డాలరు కూడా అడగరు.

దీన్ని నడిపేది సాల్ట్ లేక్ సిటీలోని మోర్మన్ చర్చి. నాలాంటి ముస్లింలకు వచ్చే సందేహం ముందే చెబుతాను. చనిపోయిన పూర్వీకుల తరఫున బతికున్నవారు బాప్తిస్మం తీసుకునే ఆచారం వారికి ఉంది. సొంత పూర్వీకుల పేర్లే ఇవ్వాలని సభ్యులకు చెబుతారు. అయినా అక్కడి ఉమ్మడి వంశవృక్షంలో మావాళ్ల పేర్లు నేను ఎక్కించలేదు. చూడటం అక్కడ, రాసుకోవడం నా నోటుపుస్తకంలో. దానికి ఎవరూ అడ్డుచెప్పరు.

1870 జనాభా లెక్కల దాకా దారి సాఫీగా ఉంటుంది. 1890 లెక్కలు మాత్రం దాదాపు లేవు. 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో చాలావరకు పాడైపోయాయి. పేరుతో మాత్రమే వెతికితే దెబ్బతింటారు. లెక్కలు రాసిన గుమాస్తాలు చెవికి ఎలా వినిపిస్తే అలా రాశారు. మా అత్తవారి ఇంటిపేరు నాలుగు స్పెల్లింగుల్లో దొరికింది. కాబట్టి ఊరు, వయసు పట్టుకుని పేజీ తర్వాత పేజీ తిప్పాలి. ఆ ఓపిక నాకు జైలు రిజిస్టర్లు నేర్పాయి.

1870కి వెనక్కి వెళితే 1860 నాటి బానిసల జాబితాలు. యజమాని పేరు ఉంటుంది. దాని కింద వయసు, ఆడా మగా, రంగు. పేరు రాయడానికి గడే లేదు. నేను రాసిన కౌంట్ కాగితాలు ఇలాగే ఉండేవి, కానీ నా అంకె వెనుక ఎక్కడో ఒక పేరు ఉండేది. నా భార్య ముత్తాత తండ్రికి అప్పుడు 24 ఏళ్లు ఉండాలి. ఆ యజమాని కింద 24 ఏళ్ల మగవాళ్లు ముగ్గురున్నారు. ఆయన ఎవరో చెప్పలేను. పుస్తకంలో మూడు వరుసలనూ ఉన్నవి ఉన్నట్టు దించాను.

అసలు నిధి ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు రిజిస్టర్లు. విముక్తులైన బానిసల కోసం 1865లో పెట్టిన బ్యాంకు అది. 1874లో మూతపడింది, 60 వేల మందికి పైగా ఖాతాదారుల పొదుపు చిక్కుకుపోయింది. కానీ ఖాతా తెరిచేటప్పుడు వాళ్లు అడిగిన ప్రశ్నలు చూడండి: ఎక్కడ పుట్టావు, ఎక్కడ పెరిగావు, తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు. సవానా శాఖ పేజీలో ఆ ముత్తాత తండ్రి దొరికారు. అయిదేళ్ల కొడుకు పేరు ఉంది, అతనే ముత్తాత. అమ్మేయగా దూరమైన తమ్ముడి పేరు కూడా చెప్పి రాయించారు. సంతకం చోట ఒక ఇంటూ గుర్తు.

నా భార్య ఆ గుర్తును చాలాసేపు చూసింది. మా మామగారు నల్లజాతి అమెరికన్ల మతోద్యమమైన నేషన్ ఆఫ్ ఇస్లామ్‌లో చేరినప్పుడు, యజమానులిచ్చిన ఇంటిపేరు తీసేసి ఎక్స్ అని పెట్టుకున్నారు. "నాన్న దీన్ని చూడలేదు" అంది, అంతే. ఇన్షాల్లా రెండో అధ్యాయం దానితోనే మొదలవుతుంది.

ఒక ఇబ్బంది ఉంది. కొన్ని పత్రాల చిత్రాలు ఇంట్లో తెరుచుకోవు. వారి కేంద్రానికో, అనుబంధ గ్రంథాలయానికో వెళ్లాలి. మా దగ్గరి కేంద్రంలో వాలంటీర్లు ఓపికమంతులు, మతం గురించి ఒక్క ముక్క ఎత్తలేదు. శుక్రవారం జుమాకు పోవాలి కాబట్టి గురువారాలు వెళుతున్నాను. ఇప్పుడు వెతుకుతున్నది ఆ తమ్ముడి కోసం.