సర్వీస్ మెడల్స్, ఈసీహెచ్‌ఎస్ కార్డు: రిటైరై ఏళ్లు గడిచాక ఏది ఎంత పనికొచ్చింది?

సైన్యంలో ఇచ్చే సర్వీస్ మెడల్స్‌కి నెలనెలా డబ్బులొస్తాయా అని చాలామంది అడుగుతుంటారు. రావు. 9, 20, 30 ఏళ్లకిచ్చే లాంగ్ సర్వీస్ మెడల్స్‌కి గానీ, సైన్య సేవా మెడల్‌కి గానీ పైసా అలవెన్సు లేదు. అలవెన్సు ఉన్నది శౌర్య పతకాలకే. 2017లో దాన్ని రెట్టింపు చేసి పరమ వీర చక్రకి నెలకు 20,000 రూపాయలు, వీర చక్రకి 7,000 చేశారు.

సర్వీస్ మెడల్స్ అర్హత విషయంలో గొడవేమీ ఉండదు. 1997 ఆగస్టు 15న సర్వీసులో ఉన్నవాళ్లకి స్వాతంత్ర్య స్వర్ణోత్సవ మెడల్ వచ్చింది. ఆ తర్వాత భర్తీ అయినవాడికి రాదు, అంతే. చిక్కల్లా మెడల్ చేతికి రావడంలోనే. పార్ట్ టూ ఆర్డర్ (సర్వీసు రికార్డులో నమోదు చేసే యూనిట్ ఉత్తర్వు) వెలువడి, రిటైరయ్యేటప్పుడు ఇచ్చే డిశ్చార్జ్ బుక్‌లో ఎంట్రీ పడి ఏళ్లయినా అసలు మెడల్ రాని సందర్భాలున్నాయి. అందుకే పరేడ్‌కి చాలామంది కంటోన్మెంట్ బజార్లో కొన్నవే పెట్టుకుంటారు. దూరం నుంచి తేడా తెలియదు గానీ చేతిలోకి తీసుకుంటే తెలిసిపోతుంది. అసలుదాని అంచు మీద నంబరు, ర్యాంకు, పేరు చెక్కి ఉంటాయి. బజారుది నున్నగా ఉంటుంది. నా దగ్గర రెండు రకాలూ ఉన్నాయి. రిబ్బన్ మాత్రం రెండింటికీ ఒకేలా వెలిసిపోయింది!

రోజూ అక్కరకొచ్చేది ఈసీహెచ్‌ఎస్, అంటే మాజీ సైనికుల ఆరోగ్య పథకం. 2003లో మొదలైన ఈ పథకానికి రిటైరయ్యేటప్పుడు ఒక్కసారి చందా కడితే చాలు, భార్యాభర్తలిద్దరికీ జీవితాంతం వైద్యం అందుతుంది. మనమీద ఆధారపడిన తల్లిదండ్రుల్నీ చేర్చుకోవచ్చు, కాకపోతే వాళ్ల ఆదాయం డీఏ కాకుండా నెలకు 9,000 దాటకూడదు. మా ఆవిడ ఆపరేషన్‌కి మేం చేతినుంచి పెట్టింది దాదాపు ఏమీ లేదు. నేను వెళ్లే పాలీక్లినిక్‌లో (ఈసీహెచ్‌ఎస్ సొంత క్లినిక్) మాత్రం బీపీ మాత్రలు ఒక నెల ఉంటాయి, ఒక నెల ఉండవు. ప్యానెల్‌లో, అంటే ఈ కార్డు మీద వైద్యం చేసే ఆసుపత్రుల జాబితాలో ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రైతే కార్డు చూడగానే "బెడ్లు ఖాళీ లేవు" అంది. పక్కనే నగదు కట్టినాయనకి బెడ్ దొరికింది.

అందరికీ టెన్షన్ పెట్టేది పేర్ల తేడా. డిశ్చార్జ్ బుక్‌లో భార్య పేరు ఇంటిపేరు లేకుండా ఉంటుంది, ఆధార్‌లో ఇంటిపేరుతో కలిపి ఉంటుంది. రేపు ఫ్యామిలీ పెన్షన్ దగ్గర ఆగేది ఇక్కడే. సర్వీసులో ఉన్నవాళ్లు యూనిట్ క్లర్క్ దగ్గర కూర్చుని భార్యాపిల్లల పేర్లు, పుట్టిన తేదీలు ఆధార్‌తో అక్షరం అక్షరం సరిచూసుకోండి. బయటికొచ్చాక అదే పనికి అఫిడవిట్ రాయించి, రికార్డ్ ఆఫీసుకి పంపి, జవాబు కోసం ఎదురుచూడాలి.

నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇప్పుడు సులువే. వేలిముద్రలు అరిగిపోయిన మా వయసువాళ్లు ఫోన్‌లో ముఖం చూపించి జీవన్ ప్రమాణ్ తీసుకోవచ్చు.

ఇంకొకటి. ఎమర్జెన్సీలో ప్యానెల్‌లో లేని ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే, 48 గంటల్లోగా దగ్గర్లోని పాలీక్లినిక్‌కి కబురు అందాలి. ఆ నంబరు మీ ఫోన్‌లోనే కాదు, ఇంట్లోవాళ్ల ఫోన్లలోనూ ఉండాలి.