పొట్ట కొవ్వుతో కట్టిన రొమ్ముకు స్కానింగ్: విజయవాడ సూర్యారావుపేటలో నా అనుభవం

5కి 4 ఇస్తున్నాను. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో కింద రాశాను, కానీ రొమ్ము తీసేసి మళ్లీ కట్టించుకున్నవాళ్లెవరైనా స్కానింగ్‌కి, అంటే అల్ట్రాసౌండ్‌కి, ఎక్కడికి వెళ్లాలా అని చూస్తుంటే ముందు నా సంగతి చదవండి.

నాకు క్యాన్సర్ వచ్చి 2019లో ఎడమ రొమ్ము మొత్తం తీసేశారు. అదే ఆపరేషన్‌లో పొట్ట కింది చర్మం, కొవ్వు తీసుకుని రొమ్ము కట్టారు. డీఐఈపీ ఫ్లాప్ అంటారు దీన్ని. ఇన్నేళ్లూ ఏ ఇబ్బందీ లేదు. మొన్న సంక్రాంతి వెళ్లాక ఒకరోజు స్నానం చేస్తుంటే మచ్చ అంచున బఠాణీ గింజంత గట్టిగా చేతికి తగిలింది. ఆ రాత్రి నిద్ర లేదు.

దగ్గర కదా అని ముందు మా ఊరి పక్కనే వేరే చోట చేయించాను. పేరు రాయను. ఇది కట్టిన రొమ్మండీ అని నేను చెబుతుండగానే "సరే అమ్మా, చేయి పైకెత్తండి" అన్నారు, ఐదు నిమిషాల్లో అయిపోయింది. రిపోర్టులో "రెండు రొమ్ముల్లోనూ గ్రంథి కణజాలం మామూలుగా ఉంది" అని ఇంగ్లీషులో ఉంది. ఎడమవైపు అసలు గ్రంథే లేదు, ఏళ్ల కిందటే తీసేశారు! నేను వేలు పెట్టి మరీ చూపించిన గడ్డ గురించి ఒక్క ముక్క లేదు. చంక వైపు చూడనే లేదు. మా సర్జన్ గారు ఆ కాగితం చదివి పక్కన పెట్టేసి, రొమ్ము స్కానింగ్‌లు ఎక్కువగా చేసే చోటే చేయించమ్మా అని ఈ సెంటర్‌కి రాసిచ్చారు.

ఇక్కడ తేడా కౌంటర్ దగ్గరే తెలిసింది. కట్టింది ఇంప్లాంటా, మీ ఒంట్లోదేనా, ఏ సంవత్సరం, కరెంటు (రేడియేషన్) పెట్టారా, చంకలో బిళ్ళలు (లింఫ్ గ్రంథులు) తీశారా అని అన్నీ అడిగి రాసుకున్నారు, డిశ్చార్జ్ సమ్మరీ జిరాక్స్ తీసుకున్నారు. లోపల ఉన్న అమ్మాయి "అక్కా, ఈ చెయ్యి ఎక్కువసేపు పైకి పెట్టలేరు కదా" అని తనే దిండు సర్దింది. బిళ్ళలు తీసిన చేయి ఎలా లాగుతుందో తెలిసినవాళ్లకే ఆ మాట వస్తుంది.

డాక్టరమ్మ గారు మొదట గడ్డ మీద నన్నే వేలు పెట్టమని, సరిగ్గా అక్కడే ప్రోబ్ ఆనించారు. తర్వాత రొమ్మంతా, మచ్చ చుట్టూ, చంక, మెడ ఎముక పైభాగం, ఆపైన కుడి రొమ్ము కూడా. పాతిక నిమిషాలు పట్టింది. స్క్రీన్ తిప్పి చూపిస్తూ చెప్పారు: లోపలంతా పొట్ట కొవ్వే, కాబట్టి జబ్బు తిరిగొస్తే ఎక్కువగా చర్మం కింద, లేదా ఛాతీ కండరం దగ్గర వస్తుంది, ఎక్కువసార్లు చేతికే తగులుతుంది, అందుకే అంచుల దగ్గర ఆగి ఆగి చూస్తాం అని.

నా గడ్డ మటుకు ఫ్యాట్ నెక్రోసిస్ లాగా ఉందన్నారు. తెచ్చి అతికించిన కొవ్వులో రక్తం సరిగా అందని చోట ఆ కొవ్వు చచ్చి గట్టిపడుతుంది, ఒక్కోసారి లోపల నూనెలా కరిగి తిత్తి కడుతుంది. చిక్కేమిటంటే కొన్నిసార్లు అది స్కానింగ్‌లో అచ్చం క్యాన్సర్ లాగే కనిపిస్తుంది. నా ఫైల్లో 2020 నాటి స్కాన్ రిపోర్టు ఒకటుంది, అందులో అదే చోట 14 మిల్లీమీటర్లని రాసి ఉంది, ఇప్పుడు 9. అప్పుడు లోతుగా ఉండేది, ఈమధ్య నేను సన్నబడ్డాక చేతికి తగులుతోంది. పాత ఫిల్ములు కూడా ఉంటే ఇంకా గట్టిగా చెప్పేదాన్నమ్మా అన్నారు. అవి నేను ఇల్లు మారినప్పుడు పోయాయి. అందుకని బైరాడ్స్ 3 వేసి (అంటే బహుశా ప్రమాదం లేనిదే, కానీ కొన్నాళ్లు గమనించాలి అని), ఆరు నెలలకు మళ్లీ రండి, అప్పటికి పెరిగితే ముక్క తీసి పరీక్షకు పంపుదాం అన్నారు. ఫిల్ములు, సీడీలు దయచేసి పారేయకండి.

ఏటా ఈ వైపు స్కానింగ్ చేయించుకోనా అని అడిగాను. ఏమీ తగలకపోతే, నొప్పి, వాపు, చర్మంలో మార్పు లేకపోతే అవసరం లేదు, సర్జన్ గారి చేతి పరీక్ష మానకండి చాలు అన్నారు. కుడి రొమ్ముకు మాత్రం ఏటా మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) తప్పదు. ఒక్కోసారి క్యాన్సర్‌కు తొలి గుర్తయ్యే సున్నపు చుక్కలు మామోగ్రామ్‌లో కనిపించినట్టు అల్ట్రాసౌండ్‌లో కనిపించవు, కాబట్టి ఇది చేయించాం కదా అని అది ఎగ్గొట్టకూడదు. రావాల్సిన డబ్బు పోగొట్టుకుని ఇంత స్పష్టంగా చెప్పేవాళ్లు తక్కువ.

సిలికాన్ ఇంప్లాంట్ ఉన్నవాళ్ల లెక్క వేరు. మందులు, వైద్య పరికరాలను చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో చెప్పినదాని ప్రకారం ఏ ఇబ్బందీ లేకపోయినా 5–6 ఏళ్లకు మొదటిసారి, ఆ తర్వాత 2–3 ఏళ్లకోసారి అల్ట్రాసౌండ్ గానీ ఎమ్మారై గానీ చేయించుకోవాలి. అది ఇంప్లాంట్ లోపల చిరిగిందేమో చూడటానికి, క్యాన్సర్ కోసం కాదు. కానీ ఏళ్ల తర్వాత ఒకవైపు ఉన్నట్టుండి వాస్తే మాత్రం ఆగకుండా వెళ్లండి. నీరు చేరి ఉంటే ఆ నీటిని పరీక్షకు పంపాలి. గరుకు ఇంప్లాంట్ల చుట్టూ అరుదుగా ఒక రకం లింఫోమా (తెల్ల రక్తకణాల క్యాన్సర్) వస్తుందనే అలెర్గాన్ కంపెనీ 2019లో తన బయోసెల్ రకాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది.

ఇక ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, పది గంటల టోకెన్‌కి పన్నెండున్నరకు పిలిచారు. బట్టలు మార్చుకునే చోట తలుపు లేదు, కర్టెన్ ఒక్కటే, ఆ కొక్కేలు కూడా ఊడిపోయాయి. మచ్చలున్న ఒంటితో అక్కడ నిలబడటం ఎంత కష్టమో యాజమాన్యం ఆలోచించాలి. చీర వద్దు, ముందు గుండీలున్న కుర్తా వేసుకెళ్లండి. రిపోర్టులో ఒకచోట ఎడమ బదులు కుడి అని టైపయింది, చూపించగానే అరగంటలో మార్చి సంతకం పెట్టించి ఇచ్చారు. అక్కడే నిలబడి చదువుకోండి.

రెండు వైపులా కలిపి 1,800 తీసుకున్నారు. జూలైకి టోకెన్ ఇప్పుడే రాయించాను, ఆ డాక్టరమ్మ గారు ఉండే రోజే కావాలని అడిగి మరీ.