హన్మకొండ గాలిలో ప్యాకెట్లు: మ్యాపు చూడాలా, టీఎన్‌సీ కొనాలా, డాంగిల్‌తో వినాలా?

డాబా మీద నేను నిలబెట్టిన రాగి తీగను చూసి పక్కింటి పెద్దాయన అడిగాడు: “గా తీగ ఏంది సార్, కరెంటు గిట్ల గుంజుతదా?” గుంజేది కరెంటు కాదు, ప్యాకెట్లు. హ్యామ్ రేడియోవాళ్లు (లైసెన్సు తీసుకుని అభిరుచిగా రేడియో నడిపేవాళ్లు) 144.390 మెగాహెర్ట్జ్ మీద పంపుకునే ఏపీఆర్‌ఎస్ (ఆటోమేటిక్ ప్యాకెట్ రిపోర్టింగ్ సిస్టమ్) సందేశాలు. ఎక్కడున్నారో, వాతావరణం ఎట్లుందో, ఒకటి రెండు ముక్కల మాటలు. సెకనుకు 1200 బిట్లు, 1200, 2200 హెర్ట్జ్ అనే రెండు స్వరాలు. చెవికి మాత్రం బర్రుమని ఒక గీర. వరంగల్ చుట్టుపక్కల ఈ సందడి పలుచన. అందుకే దేనితో వింటున్నామన్నది ఇక్కడ పెద్ద తేడా తెస్తుంది. నాలుగు ప్యాకెట్లు వచ్చేచోట రెండు జారితే సగం పోయినట్టే కదా.

కొత్తవాళ్లు ముందు తెరిచేది ఏపీఆర్‌ఎస్ డాట్ ఎఫ్ఐ మ్యాపు. పైసా ఖర్చు లేదు. అయితే అందులో కనిపించేది గాలి కాదు, ఐగేట్లు అనే స్టేషన్లు విని ఇంటర్నెట్‌లోకి ఎక్కించినది మాత్రమే. మన ఐదు వాట్ల చేతి సెట్టు హైదరాబాద్ ఐగేట్‌కు వినపడే దూరం కాదు. కాబట్టి మ్యాపు బోసిగా ఉంటే గాలి బోసిగా ఉందని అనుకోవద్దు, దగ్గర్లో ఐగేట్ లేదేమో. పైగా ఒకే ప్యాకెట్ రెండు మూడు దారుల్లో వస్తే ఆ సర్వర్లు మొదటిది ఉంచుకుని మిగతావి పారేస్తాయి. ఏ డిజిపీటర్ (విన్న ప్యాకెట్‌ను మళ్లీ పలికే స్టేషన్) ఎన్నిసార్లు తిరగగొట్టింది, ఎక్కడ రెండు ప్యాకెట్లు గుద్దుకున్నాయి అన్న అసలు కథ అక్కడే పోతుంది. మ్యాపు చుట్టానికి చూపించడానికి బాగుంటుంది. విశ్లేషణకు పనికిరాదు.

ఇక టీఎన్‌సీ, అంటే టెర్మినల్ నోడ్ కంట్రోలర్ అనే పెట్టె. 1980లలో అమెరికాలోని టూసాన్ హ్యామ్‌ల బృందం టాపర్ దీన్ని ఇంటింటికీ తెచ్చింది. వాళ్ల టీఎన్‌సీ-2 లోపల జెడ్80 ప్రాసెసర్ ఉండేది. సెట్టు నుంచి వచ్చే గీరను విని, ఏఎక్స్.25 అనే ప్యాకెట్ పద్ధతి ప్రకారం ఫ్రేములుగా విడదీసి, సీరియల్ తీగ మీద అక్షరాలుగా ఇచ్చేస్తుంది. మానిటర్ ఆన్ చేస్తే వచ్చిందల్లా కనిపిస్తుంది, ఎంహెర్డ్ అని కొడితే ఈమధ్య వినబడిన స్టేషన్ల జాబితా చదువుతుంది. పాతకాలపు నమ్మకమైన మనిషి. కానీ మాట తక్కువ. చెక్‌సమ్ (సరిచూసుకునే అంకె) తప్పిన ఫ్రేమును చప్పుడు చేయకుండా మింగేస్తుంది, ఎందుకు తప్పిందో చెప్పదు. స్పీకర్ జాక్ నుంచి ఆడియో ఇస్తే ఇంకో చిక్కు: సెట్టు చేసే డీ-ఎంఫసిస్ (పై స్వరాలను తగ్గించడం) వల్ల 2200 స్వరం 1200 కన్నా నీరసంగా వస్తుంది. నేనైతే మొదట్లో స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు హోరును మూసేసే ఏర్పాటు) బిగించి పెట్టి, ఊళ్లో ప్యాకెట్లే లేవని తేల్చేశాను. స్క్వెల్చ్ తెరుచుకునేలోపే ప్యాకెట్ తల తెగిపోతోందని తర్వాత తెలిసింది.

మూడోది ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ (యూఎస్‌బీకి గుచ్చే చిన్న రేడియో రిసీవర్), దాని వెనుక టీఎన్‌సీ పనిని కంప్యూటర్‌లోనే చేసే డైర్‌వోల్ఫ్ సాఫ్ట్‌వేర్. టీవీ చూడటానికి తయారైన చిప్పు అది. ఒక రాస్‌బెర్రీ పై (చిన్న కంప్యూటర్) మీద ఆర్‌టీఎల్-ఎఫ్‌ఎం ప్రోగ్రామ్ ఇచ్చే ఆడియోను సెకనుకు 24,000 శాంపిళ్ల చొప్పున డైర్‌వోల్ఫ్‌లోకి మళ్లిస్తే చాలు. స్క్వెల్చ్ తగాదా లేదు, స్పీకర్ జాక్ తగాదా లేదు. లోపాలు లేవని కాదు. ఎనిమిది బిట్ల పరికరం కాబట్టి ఆకాశవాణి వరంగల్ ఎఫ్‌ఎం జోరుకు చెవులు మూసుకుంటుంది. మధ్యలో ఎఫ్‌ఎం ఫిల్టర్ పెట్టాల్సిందే. మే నెలలో రేకుల కింద పెడితే వేడికి ఫ్రీక్వెన్సీ కూడా పక్కకు జరుగుతుంది.

అయినా నా ఓటు దీనికే, కారణం దాని లాగ్. రోజుకో సీఎస్‌వీ (గడుల పట్టిక) ఫైలు రాస్తుంది. ఒక గడిలో ప్యాకెట్ పుట్టించిన స్టేషన్ పేరు, పక్క గడిలో నా యాంటెన్నాకు నిజంగా వినిపించిన స్టేషన్ పేరు. రెండూ ఒకటైతే నేరుగా వచ్చింది, వేరైతే డిజిపీటర్ మోసుకొచ్చింది. ఈ రెండు గడులు పోల్చితే సగం విశ్లేషణ అయిపోయినట్టే. లెవెల్ అనే గడి చూసి సిగ్నల్ బలం అనుకోవద్దు: ఇది ఎఫ్‌ఎం, ఆ అంకె ఎదుటివాడు ఎంత గట్టిగా మాడ్యులేట్ చేశాడో చెప్తుంది. పగిలిన ఫ్రేములో ఒక బిట్టు తిప్పి చూసి సరిచేసే వెసులుబాటు ఉంది, నేను దాన్ని సున్నాకు పెట్టుకుంటాను. అరుదుగానైనా అది తప్పుగా సరిచేసి, లోకంలో లేని కాల్‌సైన్‌ను (స్టేషన్ పేరును) పుట్టిస్తుంది.

ఛానెల్ ఎంత నిండిందో కూడా లాగ్ నుంచే లెక్క కట్టొచ్చు. 80 బైట్ల ప్యాకెట్ అంటే 640 బిట్లు, అర సెకనుకు పైన. సెట్టు తేరుకునే సమయం కలిపితే దాదాపు ఒక సెకను. పది మంది నిమిషానికోసారి పంపితే పది సెకన్లు, డిజిపీటర్ తిరిగి పలికితే ఇరవై. ఒకరికొకరు వినపడని స్టేషన్లు గుట్టకు చెరో పక్కన ఉంటే మన లెక్క అలోహా (ఎవరికి తోచినప్పుడు వాళ్లు పలికే పద్ధతి) లెక్కే. అందులో ఛానెల్ సమయంలో దాదాపు పద్దెనిమిది శాతం దాటి పని జరగదు. మ్యాపులో ఇదంతా ఎక్కడ కనిపిస్తుంది?

స్థానికంగా ఎవరూ పలకని రోజు మన సెట్టింగు సరిగ్గా ఉందో లేదో ఎట్లా తెలియాలి? 145.825 మెగాహెర్ట్జ్‌కు మార్చి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం కోసం కాచుకోండి. దాని డిజిపీటర్ పనిచేస్తుంటే, నెత్తిమీద నుంచి పోయే ఆ పది నిమిషాల్లో దాని కాల్‌సైన్, ఆర్ఎస్0ఐఎస్ఎస్ గానీ ఎన్ఏ1ఎస్ఎస్ గానీ, తెర మీద పడుతుంది.

మేడారం జాతరకో, వాగు పొంగి కరెంటు పోయిన ఊరికో వెళ్లాల్సి వస్తే మాట వేరు. అక్కడ వినడంతో సరిపోదు, పలకాలి. వీయూ2, వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్‌తో హ్యామ్ లైసెన్సున్న మనిషి, ఒక సెట్టు, చిన్న బ్యాటరీ మీద గంటల తరబడి నడిచే టీఎన్‌సీ. మెమరీ కార్డు పాడై కంప్యూటర్ లేవకపోవడం అనే బాధ దానికి లేదు. అందుకే దాన్ని అమ్మలేదు, సంచిలో ఉంది.

ఇంట్లో మాత్రం డాంగిలే. ఒక పొద్దున లాగ్ తెరిస్తే రెండు గడులూ ఒకటిగా ఉన్న వరుస ఒక్కటీ లేదు. అన్నీ డిజిపీటర్ మోసుకొచ్చినవే. డాబా ఎక్కి చూస్తే 49 సెంటీమీటర్ల రాగి తీగ కొడవలిలా వంగి ఉంది, పిట్టగోడ మీద రెండు కోతులు కూర్చుని ఉన్నాయి.