ముసుగు రెబెకా ముందు ఫోన్లు: సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒక రోజు

గత నెలలో ఒక ఆదివారం మా అక్క పిల్లలిద్దరినీ తీసుకుని హైదరాబాద్ దారుషిఫాలోని సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లాను. వాళ్లు అక్కడి విశేషాలను రీల్స్‌లో ముందే చూసి, ముసుగు అమ్మాయి, అద్దం బొమ్మ, గంట కొట్టే గడియారం అనే మూడింటినీ మనసులో రాసిపెట్టుకుని, అవి చూశాక ఇంటికి బయలుదేరవచ్చని తీర్మానించుకుని వచ్చారు. అందుకే ఈ సమీక్షలో మ్యూజియం గురించి ఎంత రాస్తున్నానో, ఈ రోజుల్లో దాన్ని మనం చూస్తున్న తీరు గురించీ అంతే రాస్తున్నాను.

ఇటలీ శిల్పి జొవాన్ని మరియా బెంజోని చెక్కిన ముసుగు రెబెకా అనే బైబిల్ యువతి శిల్పాన్ని నిజాం దివాన్ మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నారు. పాలరాతిని చెక్కి, ముఖానికి అంటుకున్న పల్చని తడిబట్టలా కనిపించేటట్లు చేసిన ఆ పనితనాన్ని ఎంతసేపు చూసినా తనివి తీరదు. అయితే నేను అక్కడ నిలబడిన పావుగంటలో వచ్చినవారిలో ఎక్కువమంది శిల్పానికి వీపు పెట్టి నిలబడి, సెల్ఫీ సరిగా వచ్చిందో లేదో తెరమీద చూసుకుని, అటునుంచి అటే వెళ్లిపోయారు. వాళ్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అంత దూరం వచ్చి, వరుసలో నిలబడి కూడా ఆ ముఖాన్ని చూడకుండానే వెళ్లిపోతున్నారే అని బాధ కలిగింది.

అదే ఫోన్ మా మేనకోడలి చేతిలో మరోలా పనిచేసింది. బొమ్మ మొత్తం ఫ్రేములో పట్టకపోవడంతో ముఖం మీదికి జూమ్ చేసి, ఒక్క క్షణం ఆగి, "మావయ్యా, బట్ట కింద పెదవుల గీత కూడా తెలుస్తోంది చూడు" అన్నది. ఆ తరువాత ఫోన్ దించి, కంటితోనే ఆ గీతను వెతుక్కున్నది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త లిండా హెంకెల్ 2014లో ప్రచురించిన పరిశోధన నాకు వెంటనే గుర్తుకొచ్చింది. మ్యూజియంలో వస్తువును మొత్తంగా ఫొటో తీసినవారికి, ఊరికే చూసినవారికంటే అది తక్కువగా గుర్తున్నదనీ, ఒక భాగాన్ని జూమ్ చేసి తీసినవారికి మాత్రం ఆ నష్టం కలగలేదనీ ఆమె గమనించారు.

అద్దం బొమ్మ దగ్గర జరిగిన నష్టం వేరు. ఒకే చెక్క దుంగలో ముందువైపు జర్మన్ ఫౌస్ట్ కథలోని దయ్యం మెఫిస్టోఫిలిస్‌నూ, వెనకవైపు అదే కథలోని యువతి, తల వంచిన మార్గరెట్టానూ చెక్కిన 19వ శతాబ్దపు శిల్పం అది. ముందుగా పొగరుబోతు మగవాడిని చూసి, ఆ తరువాత వెనక అద్దంలో ప్రార్థన పుస్తకం పట్టుకున్న యువతిని గుర్తుపట్టి ఉలిక్కిపడటంలోనే దాని అందమంతా ఉన్నది. నా చిన్నతనంలో నేను అలాగే ఉలిక్కిపడ్డాను. మా మేనల్లుడు మాత్రం గదిలో అడుగుపెడుతూనే "ఇది నాకు తెలుసు" అని పక్కకు నడిచాడు. రీలులో రెండు ముఖాలనూ ఒకే చట్రంలో, రెండు క్షణాల్లో చూపించేశారు కాబట్టి వాడికి దక్కవలసిన ఆశ్చర్యం ఇంట్లోనే ఖర్చయిపోయింది. ఫోన్ ఎత్తి చూసినవారికి అద్దంలో మార్గరెట్టాతోపాటు పది ఫోన్లు కూడా కనిపిస్తున్నాయి.

కలకత్తాకు చెందిన కుక్ అండ్ కెల్వీ సంస్థ పేరున్న సంగీత గడియారం ముందు మధ్యాహ్నం పన్నెండు గంటలకు జనం కిక్కిరిసి ఉన్నారు. గంటలన్నీ మోగేది అప్పుడే కాబట్టి రద్దీ కూడా అప్పుడే ఎక్కువ. చిన్న మనిషి బొమ్మ బయటికి వచ్చి గంట కొడుతుంటే, వెనక వరుసలో ఉన్న నాకు ముందువారు ఎత్తిపట్టిన తెరల మీద మాత్రమే కనిపించాడు. కానీ అదే గడియారంలో ఒక కమ్మరి బొమ్మ క్షణక్షణానికీ సుత్తి వేస్తూనే ఉంటుంది. మోత ఆగి, జనం చెదిరిపోయాక, ఆ కమ్మరిని మేము ముగ్గురమే తీరికగా చూశాము.

సామాజిక మాధ్యమాలు లేకపోతే ఆ పిల్లలు ఇక్కడికి వచ్చేవారే కాదు. ఆ మేలును కాదనలేను. అయితే అవి మూడు వస్తువుల దారి మాత్రమే చూపిస్తున్నాయి. జేడ్ అనే పచ్చరాతి వస్తువుల గదిలో ఢిల్లీ సుల్తాను ఇల్తుత్‌మిష్ పేరున్న రిహల్ (గ్రంథం పెట్టి చదువుకునే పీట) దగ్గర, నూర్జహాన్ పండ్ల కత్తి దగ్గర ఒక్కరూ ఆగలేదు. బిద్రీ పాత్రల గది దాదాపు ఖాళీగా ఉన్నది. జస్తం (జింకు), రాగి కలిపి పోతపోసి, వెండి తీగను పొదిగి, బీదర్ కోట మట్టితో నల్లబరిచే ఆ పని గురించి చెబుతుంటే, "మట్టి రాస్తే వెండి ఎందుకు నల్లబడదు?" అని మేనల్లుడు అడిగాడు. ఆ నలుపు పోత లోహానికే పడుతుందని చెప్పాక, ఒక హుక్కా అడుగుభాగం ముందు వంగి, వెండి ఎక్కడ మొదలవుతున్నదో వెతుకుతూ చాలాసేపు ఉన్నాడు. ఫోన్ వాడి జేబులోనే ఉన్నది.

నా సలహా ఒక్కటే: కనీసం మూడు గంటలు కేటాయించుకుని, ముందుగా బిద్రీ, జేడ్ గదులు చూసి, గడియారం దగ్గరికి పన్నెండుకు కాకుండా మరో గంటకు వెళ్లండి. పిల్లలకు రెబెకా రీలు చూపించినా ఫరవాలేదు కానీ అద్దం బొమ్మ రీలు మాత్రం ముందుగా చూపించకండి. శుక్రవారం సెలవు.